కాంతి క్షీణతలో జీవితకాలం తగ్గి కనబడితే: ముందు చూడవలసినది, మోసం చేసేది

ఒకే పెరోవ్‌స్కైట్ (సౌరఘటాల్లో వాడే ఒక స్ఫటిక పదార్థం) పొరపై లేజర్ పల్స్‌లు వేసి, అది వెదజల్లే వెలుగు ఆరిపోయే తీరును బట్టి కొలిచిన ఆవేశ వాహకాల (ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలైన హోల్‌లు) జీవితకాలం నిన్న 50 నానోసెకన్లు, ఇవాళ 40 నానోసెకన్లు వస్తే, పొర పాడైందని తీర్మానించే ముందు ఫోటాన్ల లెక్కింపు రేటును చూడాలి. ఒక్కో లేజర్ పల్స్‌కు మొదట చేరిన ఫోటాన్‌నే పరికరం నమోదు చేస్తుంది కనుక, ఆ రేటు పల్స్‌ల రేటులో 5 శాతం దాటితే ఆలస్యంగా వచ్చే ఫోటాన్లు లెక్కకు అందవు, జీవితకాలం తక్కువగా తేలుతుంది. పల్స్‌ల రేటు 10 మెగాహెర్ట్జ్ (సెకనుకు కోటి) అయితే సెకనుకు 5 లక్షల ఫోటాన్లు హద్దు. 1 శాతం దగ్గర ఉంచడం ఇంకా మేలు. తెరపైనే కనబడే ఈ అంకెను చూడకుండా పొరలు మళ్లీ మళ్లీ తయారుచేసే విద్యార్థులను చూస్తే బాధ కలుగుతుంది.

అది సరిగానే ఉంటే, కాలంతో పాటు వెలుగును చూపే గ్రాఫ్‌లో శిఖరానికి ముందున్న అడుగు మట్టాన్ని అనుమానించండి. అనంతపురం ఎండలకు డిటెక్టర్ వేడెక్కితే వెలుతురు లేకపోయినా నమోదయ్యే గణనలు నిజంగానే పెరుగుతాయి కాబట్టి, ఆ మట్టం ఎత్తుగా కనబడగానే వేడి వల్లనే అనుకుని మొత్తం తీసివేస్తాం. నేను ఒక ఏప్రిల్ నెలంతా అలాగే తీసివేశాను. చివరకు ఒక మధ్యాహ్నం లేజర్ దారికి నల్ల అట్ట అడ్డుపెట్టి అంతే సేపు లెక్కిస్తే, ఆ మట్టం దాదాపు అడుగంటింది. అంటే అది వేడి తెచ్చిన గణన కాదు, పొర నుంచి వస్తున్న వెలుగే. 10 మెగాహెర్ట్జ్ దగ్గర పల్స్‌కూ పల్స్‌కూ నడుమ 100 నానోసెకన్లే ఉంటాయి. జీవితకాలం 50 అయితే, తర్వాతి పల్స్ వచ్చేసరికి కూడా శిఖరంలో 13.5 శాతం వెలుగు మిగిలే ఉంటుంది. దాన్ని తీసివేస్తే, వెలుగు శిఖరంలో 37 శాతానికి (అందుకు పట్టే సమయమే జీవితకాలం) 50 దగ్గర కాక సుమారు 40 నానోసెకన్ల దగ్గరే దిగుతుంది.

పరిష్కారంగా పల్స్‌ల రేటును 1 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. పల్స్‌ల నడుమ వ్యవధి జీవితకాలానికి కనీసం ఐదు రెట్లు, వీలైతే పది రెట్లు ఉండాలి. అయితే లేజర్ సగటు శక్తిని కూడా పదో వంతుకు దించాలి. లేదంటే ఒక్కో పల్స్ పది రెట్లు బలపడి, వాహకాల సాంద్రత పెరిగి, ఎలక్ట్రాన్లూ హోల్‌లూ జంటగా కలిసిపోయే వేగమే మారుతుంది. లెక్కింపుకు పది రెట్ల సమయం పడుతుంది, ఓర్చుకోవాలి. రేటు తగ్గించే వీలే లేకపోతే, అట్ట అడ్డుపెట్టి కొలిచిన మట్టాన్ని మాత్రమే తీసివేయండి.

కేబుల్‌లో ప్రతిధ్వనించే సంకేతం, ఫిల్టరే వెలగడం వంటివి అరుదు. పొర లేకుండా ఖాళీ గాజు పెట్టి ఒకసారి కొలిస్తే తెలిసిపోతాయి.