యాజకుని కూతురి పాఠం స్త్రీల కూడికలో చెప్పే పద్ధతి

లేవీయకాండం 21, 22 అధ్యాయాలు వచ్చినప్పుడు పాఠం చెప్పే చాలామంది అక్కలు 21:9 దగ్గరే ఆగిపోతారు. వ్యభిచరించిన యాజకుని కూతుర్ని అగ్నితో కాల్చాలనే వచనం అది. దాంతో మొదలుపెడితే కూర్చున్నవాళ్లంతా తలలు దించుకుంటారు, ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు. టంగుటూరులో పొగాకు గ్రేడింగు పనికి పోయొచ్చే ఆడవాళ్లకు నేను ఈ పాఠం చెబుతుంటాను. మీరు 22:12-13తో, అంటే తిండి సంగతితో మొదలుపెట్టండి.

ముందు సంఖ్యాకాండం 18:11-12 చదివించండి. ప్రజలు ధాన్యంలో, ద్రాక్షారసంలో, నూనెలో తీసి ఇచ్చిన ప్రతిష్ఠిత భాగం యాజకుడి ఇంటికి చేరేది. అందులో కొడుకులతో పాటు కూతుళ్లకూ వాటా ఉందని అక్కడే రాసుంది. బలిపీఠం సేవ కూతురికి లేదు, పవిత్రమైన తిండిలో హక్కు మాత్రం ఉంది. ఈ మాట నిదానంగా చెప్పండి.

తర్వాత బోర్డు మీద మూడు ఇళ్లు గీయండి: తండ్రి ఇల్లు, యాజకుడైన భర్త ఇల్లు, యాజకుడు కాని భర్త ఇల్లు. మొదటి రెండిళ్లలో ఆమె ఆ భాగం తింటుంది, మూడో ఇంట తినదు. భర్త చనిపోయినా, విడిచిపెట్టినా, పిల్లలు లేకపోతే పుట్టింటికి వచ్చి చిన్నప్పటిలాగే తింటుంది. మామూలు ఇంటి పిల్ల యాజకుణ్ణి చేసుకుంటే తనూ తింటుంది. ఆయన పోయినా, ఆయన బిడ్డ బతికున్నంతకాలం ఆ హక్కు పోదు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "బిడ్డ ఉంటే పుట్టింట్లో అన్నం కూడా పెట్టరా అక్కా?" మొగుడు లేక బిడ్డతో పుట్టింట్లో ఉంటున్న మనిషి అడుగుతుంది. తొందరపడకుండా జవాబివ్వండి. పుట్టింట్లో ఉండొచ్చు, మామూలు తిండి తినొచ్చు. అడ్డమల్లా ఆ ప్రతిష్ఠిత భాగానికే. బిడ్డ తండ్రి వంశానికి చెందుతుంది కాబట్టి, ఆ బిడ్డ ద్వారా తల్లిని ఇంకా ఆ ఇంటి మనిషిగానే లెక్కిస్తారు. రబ్బీలు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, మనవడు, మనవరాలు ఉన్నా ఇదే లెక్క అన్నారు.

యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లో కూలిపోయినా యాజకుని కూతురి హోదా పోలేదని కూడా చెప్పండి. యూదులు తొలిచూలు కొడుకును యాజకుడికి ఐదు వెండి నాణేలిచ్చి విడిపించుకుంటారు. తల్లి యాజకుని కూతురో లేవీయుని కూతురో అయితే, తండ్రి మామూలు ఇశ్రాయేలీయుడైనా ఆ సొమ్ము కట్టనక్కర్లేదు. మిష్నా (రబ్బీల తీర్పులు కూర్చిన పుస్తకం) కాలంలో, భర్త పోయినా విడిచిపెట్టినా భార్యకు రావలసిన వివాహ ఒప్పందపు సొమ్ము సాధారణంగా కన్యకు 200 జూజులైతే (అప్పటి వెండి నాణేలు), యాజకుల న్యాయస్థానం తమ ఆడపిల్లలకు 400 వసూలు చేసేది. అహరోను కుమారులు, అంటే యాజకుల వంశపు మగవాళ్లు, దగ్గరి బంధువుల శవాన్ని తప్ప ముట్టకూడదు. కూతుళ్లకు ఆ కట్టడి లేదు, ఎవరి చావుకైనా పోవచ్చు. మా దగ్గర ఈ మాటకు అందరూ తలెత్తి వింటారు. బాప్తిస్మమిచ్చు యోహాను తల్లి ఎలీసబెతు అహరోను కుమార్తెలలో ఒకతె అని లూకా 1:5లో ఎందుకు రాశాడో కూడా అప్పుడే అర్థమవుతుంది.

21:9 ఆఖర్న తీయండి, దాటేయొద్దు. రబ్బీలు దాన్ని ప్రధానం అయిన లేదా పెళ్లయిన స్త్రీకే వర్తింపజేశారు. ఇద్దరు సాక్షులు, ముందస్తు హెచ్చరిక లేకుండా మరణశిక్ష వేయకూడదన్నారు. అయినా మనసుకు కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని వాళ్లు పైకి చెప్పుకోనీయండి, ప్రార్థనకు ముందు పావుగంట అందుకే ఉంచండి.