ట్రాక్టరు ట్రక్కుకు ఏటా రెండు తనిఖీలు: ఎప్పుడు, ఎలా చేసుకోవాలి

గోదావరి డెల్టాలో ఏ ట్రాక్టరు యజమానిని అడిగినా ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాడో తేదీతో సహా చెబుతాడు. ఆ ట్రాక్టరు వెనుక నాలుగైదు టన్నుల బరువు మోసే ట్రక్కు చక్రాలలో గ్రీజు ఎప్పుడు పెట్టించాడో అడిగితే మాత్రం చాలామందికి వెంటనే జవాబు దొరకదు. ఇంజను ఆగితే పని ఆగుతుంది కాబట్టి దాని మీద దృష్టి ఉంటుంది. ట్రక్కు పాడైనా ఎంతో కొంతకాలం దొర్లుతూనే ఉంటుంది, ప్రమాదం అక్కడే దాగి ఉంటుంది. మన వైపు ట్రక్కు అని పిలిచే ఈ ట్రెయిలరుకు క్రమం తప్పని భద్రతా తనిఖీని చట్టమే తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం. అది జరిగేలోగా ఎవరి ట్రక్కును వారే ఎలా పరీక్షించుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రెయిలరును కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది కనుక, వెల్డింగు షాపులో చేయించుకున్న ట్రక్కుకైనా సరే రిజిస్ట్రేషను ఉండాలి. లారీ వంటి రవాణా వాహనం ఎనిమిదేళ్ళ వయసు వచ్చేవరకు రెండేళ్ళకొకసారి, ఆ తర్వాత ఏటా బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి గానీ పరీక్షా కేంద్రానికి గానీ వెళ్ళి ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తెచ్చుకోవలసిందే. వ్యవసాయ ట్రాక్టరు అలా కాదు. నిబంధనలు దాన్ని రవాణాయేతర వాహనంగా నిర్వచించాయి, అటువంటి వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాతే ఐదేళ్ళకొకసారి పునరుద్ధరణ వస్తుంది. అందువల్ల మీ ట్రక్కు ఆర్.సి. బయటికి తీసి అందులో వ్యవసాయ ట్రెయిలరు అని ఉందో, వాణిజ్య ట్రెయిలరు అని ఉందో మొదట చూడండి. వ్యవసాయానికని రిజిస్టరు చేయించి ఇసుకకో, ఇటుకలకో కిరాయికి తిప్పుతుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొట్టమొదట పట్టుకునేది ఆ ఒక్క మాటనే. బీమా కాగితంలో ట్రాక్టరు నంబరుతో పాటు ట్రక్కు నంబరు కూడా ఉందో లేదో అప్పుడే సరిచూసుకోండి.

ఈ విషయంలో నాకు పట్టుదల కలగడానికి కారణం మా సొంత ట్రక్కే. కొన్నేళ్ళ కిందట దాళ్వా (రెండో పంట) కోతల రోజుల్లో, ధాన్యం బస్తాలతో వస్తున్న ట్రక్కు కాలువ వంతెన ఎక్కి దిగుతుండగా ట్రాక్టరు నుంచి విడిపోయింది. వంతెన పిట్టగోడకు తగిలి ఆగింది కనుక సరిపోయింది, లేకపోతే నిండుగా పారుతున్న కాలువలో పడేది. బస్తాల మీద కూర్చున్న కూలీ దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత వెతికితే హుక్కులో ఉండవలసిన పిన్ను నలభై అడుగుల వెనక దొరికింది. నడుము దగ్గర అరిగి సన్నబడింది, అరిగినంత మేరా వెండిలా మెరుస్తోంది. పిన్ను పైకి లేవకుండా ఆపే క్లిప్పు ఎప్పుడో పోయింది, దాని స్థానంలో ఎవరో కట్టిన బైండింగు తీగ తెగిపోయి ఉంది. ఆ పిన్నును ఆ సీజనంతా రోజూ చేత్తో తీసి పెట్టింది మేమే. ఒక్కరోజు కూడా దాన్ని తేరిపార చూడలేదు.

ఏడాదిలో తనిఖీకి రెండు సమయాలు అనుకూలం. ఒకటి, దాళ్వా ధాన్యం ఇంటికి చేరి కాలువలు కట్టేసిన వేసవి రోజులు. అప్పుడు ట్రాక్టరుకు పని తక్కువ, వెల్డింగు షాపులో రద్దీ తక్కువ, చేయించిన పని ఆరేందుకు ఎండ ఉంటుంది. రెండవది దసరా. సార్వా (మొదటి పంట) కోతలకు ముందు ఆయుధపూజకు ట్రక్కును ఎలాగూ కడిగి పసుపు కుంకుమ పెడతాం. ఆ కడగడం తనిఖీలో మొదటి మెట్టు. మట్టి, పేడ, ధాన్యపు దుమ్ము పట్టిన ఇనుములో పగులు కంటికి కనపడదు కనుక, పైపైన నీళ్ళు చల్లి వదలకుండా అడుగు భాగాన్ని కూడా పంపు పెట్టి కడిగి, ఒక పూట ఆరనిచ్చి, ఆ తర్వాత చూడాలి.

చూడడం ట్రాక్టరుకు, ట్రక్కుకు మధ్య ఉన్న కూడలి దగ్గర మొదలుపెట్టండి. పిన్నును పూర్తిగా బయటికి తీసి గుడ్డతో తుడిచి, గోటిని పొడవునా నడపండి. గోరు ఎక్కడైనా గుంటలో దిగితే ఆ పిన్నును పారేయండి. వెల్డింగుతో నింపించి మళ్ళీ వాడవద్దు, ఎందుకంటే అలా నింపిన ఇనుము ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పిన్ను దిగే రంధ్రం గుండ్రంగా ఉందా, సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందా అన్నది చూడండి. సాగితే బండి లాగినప్పుడల్లా, ఆపినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటుంది, ఆ దెబ్బలకే డ్రాబారు (ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే ముందు ఇనుప కడ్డీ) అతుకులు వదులవుతాయి. పిన్నుకు క్లిప్పు ఉండాలి, తాడు, తీగ, మేకు దానికి బదులు కావు. దీనితో పాటు డ్రాబారుకు, ట్రాక్టరుకు విడిగా ఒక గట్టి సేఫ్టీ చైను వేయించండి. పిన్ను జారినా ట్రక్కు విడిపోయి దొర్లకుండా ఆపేది అదొక్కటే. మా ట్రక్కుకు ఆనాడు అది లేదు. ఇంకొక మాట: ట్రక్కును ఎప్పుడూ కింది హుక్కుకే తగిలించాలి. వీలుగా ఉందని అంతకంటే ఎత్తయిన చోట తగిలిస్తే, బరువు లాగేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేచి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంటుంది.

తర్వాత ఛాసిస్, అంటే ట్రక్కు అడుగున బరువు మోసే ఇనుప చట్రం. డెల్టాలో ఇనుముకు పెద్ద శత్రువు తుప్పు. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి, భీమవరం, ఆకివీడు వైపు చెరువుల పని చేసే ట్రక్కులకు ఉప్పునీరు, తడి మేత, ఎక్కడ చూసినా పచ్చి ధాన్యపు చెమ్మ. పెయింటు బాగానే కనపడుతుంది, లోపల రేకు పొరలు పొరలుగా ఊడుతుంటుంది. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా, ముఖ్యంగా ఇరుసు బిగించిన చోట, డ్రాబారు ఛాసిస్‌తో కలిసే మూలల్లో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. వెల్డింగు అతుకు పక్కనే వెంట్రుకంత సన్నని ఎర్రటి గీత కనిపిస్తే అది పగులే. తుప్పునీరు అందులోంచి కారడం వల్లనే ఆ ఎరుపు వస్తుంది. దాని మీద రంగు పూయించడం తప్పును కప్పిపుచ్చడమే అవుతుంది. కమాను పట్టీలలో విరిగినవి ఉన్నాయేమో, వాటిని బిగించే యు బోల్టులు వదులయ్యాయేమో ఆ పూటే చూసుకోండి.

చక్రాల పరీక్షకు ఇద్దరు కావాలి. ట్రక్కును ఖాళీ చేసి, రెండో వైపు చక్రానికి ముందూ వెనుకా చెక్క అడ్డు పెట్టి, ఇరుసు కింద జాకీ ఎత్తి, దాని పక్కనే దిమ్మ కూడా పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు. ఎత్తిన చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి ఊపితే ఆట ఉందంటే బేరింగు వదులైనట్టు. తిప్పినప్పుడు గరగరమంటే అరిగినట్టు. ఆరేడు కిలోమీటర్లు తిరిగి వచ్చిన తర్వాత అరచేతి వెనుక భాగాన్ని హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, దగ్గరగా పెట్టి చూస్తే, ఒక హబ్బు మాత్రం మిగతా వాటికంటే కాలిపోతున్నట్టు తెలిస్తే అదే తొందరగా విప్పించవలసినది. టైర్ల విషయంలో మన దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది. లారీలకు పనికిరాక తీసేసినవి ట్రక్కులకు ఎక్కిస్తాం. టైరు పక్కన అంకెలలో చివరి నాలుగు దాని తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారమని అర్థం. దారం బయటపడినా, పక్కలు పగిలినా, ఉబ్బినా ఆ టైరును రోడ్డెక్కించకండి. చక్రం నట్లను బరువు వేసిన మొదటి రోజు సాయంత్రం మరొకసారి బిగించాలి.

బ్రేకుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు, వెనుక ఉన్న బరువంతటినీ ట్రాక్టరు వెనుక చక్రాలే ఆపాలి. ట్రాక్టరుకు కుడి ఎడమల రెండు బ్రేకు పెడళ్ళు విడివిడిగా ఉండేది దమ్ములో (నీరు పెట్టిన పొలం దున్నేటప్పుడు) మలుపు తిప్పుకోవడానికి. పొలం నుంచి రోడ్డెక్కేటప్పుడు ఆ రెంటినీ కలిపే లాకు వేయడం మరిచిపోతే, తొందరలో కాలు ఒక్క పెడలు మీదే పడుతుంది, ఒక్క చక్రమే ఆగుతుంది, ట్రాక్టరు అటు తిరిగిపోగా వెనుక నుంచి ట్రక్కు దాన్ని నెట్టి పడేస్తుంది. మన రోడ్లు చాలావరకు కాలువ గట్లే కనుక పడేది నీళ్ళలోకే. కోత కాలంలో కొత్తగా వచ్చిన డ్రైవరుకు తాళం చెవి ఇచ్చే ముందు ఈ లాకును చూపించి, వేయించి, ఆ తర్వాతే పంపండి. లాకు తుప్పు పట్టి పడకపోతే ఆ రోజుకు బండిని రోడ్డెక్కించకండి. ఖాళీ ట్రక్కుతో, జనం లేని చదును రోడ్డు మీద, నెమ్మదిగా వెళుతూ బ్రేకు నొక్కి చూస్తే బండి ఏ పక్కకైనా లాగుతోందేమో తెలుస్తుంది. గట్టు దిగేటప్పుడు, వంతెన దిగేటప్పుడు న్యూట్రలులో వదలడం డీజిలు ఆదా అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. గేరు లేకపోతే ఆ బరువును పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

రాత్రిపూట ట్రక్కు వెనుక భాగం కనపడాలి. కోత మిషన్లు వచ్చాక ధాన్యం చీకటి పడ్డాకే ఎక్కువగా కదులుతోంది. గట్టు మీద దీపం లేకుండా ఆపిన ట్రక్కును మోటారు సైకిలు మీద వచ్చేవాడు దగ్గరికి వచ్చేవరకు గుర్తించలేడు. వెనుక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రేడియం స్టిక్కర్లు అంటించడానికి అయ్యే ఖర్చు తక్కువే. వెనుక దీపాల వైరు తెగితే ఆ రోజే అతికించండి. గడ్డి వేసినప్పుడు దీపాలూ స్టిక్కర్లూ గడ్డి కిందికి పోతాయి కనుక, గడ్డి లోడును పగలే తోలుకోవడం మంచిది. ఆ లోడు ఎత్తు, లేపిన హైడ్రాలిక్ తొట్టి ఎత్తు మన పొలాల మీద వేలాడే కరెంటు తీగలకు అందుతాయన్నది కూడా మరువరాదు. తొట్టి లేపిన చోట తల పైకెత్తి చూడడం, లేపిన తొట్టి కింద గట్టి ఊతం పెట్టకుండా చేయి పెట్టకపోవడం రెండూ అలవాటు కావాలి.

బరువు లెక్క సులువే. ఆర్.సి.లో ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు రెండూ ఉంటాయి. వాటి తేడా 4,500 కిలోలు అనుకుంటే, 75 కిలోల బస్తాలు 60 పడతాయి, అంతే. ఇసుక అయితే ఘనపు మీటరుకు సుమారు టన్నున్నర, తడిసినది ఇంకా ఎక్కువ. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టిని అంచుదాకా నింపితే అయిదు టన్నులు దాటుతుంది. మితిమీరిన బరువుకు చట్టం వేసే జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు మరో 2,000. బస్తాలన్నీ ఇరుసు వెనుకకే సర్దితే డ్రాబారు పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు పోతుంది, అన్నీ ముందుకే సర్దితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు పలకదు. బరువు ఇరుసు మీద నిలిచి, కాస్త ముందుకు మొగ్గాలి.

ఇక మనుషులు. కార్తీక వనసమారాధనకు, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి, పెళ్ళిళ్ళకు ట్రక్కులో జంపఖానా పరిచి పిల్లాపాపలతో బయలుదేరడం మనకు తరతరాల సంబరం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, మళ్ళీ ఘాట్ల వైపు ట్రక్కులు బారులు తీరుతాయి. ఆ ఆనందం నాకూ తెలుసు. కానీ ట్రక్కు మనుషుల కోసం కట్టినది కాదు, ఎంత తనిఖీ చేసినా దానికి మనుషులను ఎక్కించే అర్హత రాదు. మనిషికి కొంత వేసుకుని మినీ బస్సు మాట్లాడుకోండి.

ఇతర దేశాలలో సెలవులకు కారు వెనుక లాక్కుపోయే కారవాన్లకు, అంటే చక్రాల మీది చిన్న ఇళ్ళకు, తనిఖీ ఒక్కోచోట ఒక్కోలా ఉంది. జర్మనీలో కారవానుకు రెండేళ్ళకొకసారి తనిఖీ ఉంది. బ్రిటనులో 3,500 కిలోల లోపు కారవాన్లకు ఏటా జరిపే ఎం.ఓ.టి. పరీక్ష వర్తించదు. మన పిల్లలు ఎంతోమంది ఉంటున్న టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి వాణిజ్యేతర వాహనాలకు భద్రతా తనిఖీనే తీసేశారు. తనిఖీ అక్కరలేదనేవారు ఈ ఉదాహరణలు చూపవచ్చు. అయితే ఫ్యాక్టరీలో ప్రమాణాల మేరకు తయారై, ఏడాదిలో కొద్ది వారాలు మంచి రోడ్ల మీద తిరిగే కారవాను వేరు, షాపులో అతికించి, బ్రేకులు లేకుండా, కాలువ గట్టు మీద బస్తాలు మోసే ట్రక్కు వేరు. రైతు చెప్పే అభ్యంతరం మాత్రం న్యాయమైనది: ఆఫీసుకు వెళ్ళిరావడానికి ఒక రోజు పని, డీజిలు, ఆపైన మధ్యవర్తులు. అందుకే తనిఖీ ఊరికి రావాలి. కాలువలు కట్టేసిన నెలలో మండలానికొక చోట శిబిరం పెట్టి, పిన్ను, చైను, చక్రాలు, దీపాలు, బ్రేకు లాకు ఈ ఐదింటినే నామమాత్రపు రుసుముతో చూసి, లోపముంటే జరిమానా వేయకుండా పదిహేను రోజుల గడువిచ్చే పద్ధతి పెడితే వ్యతిరేకించే రైతు ఉంటాడనుకోను.

అంతవరకు ఒక నోటుపుస్తకం పెట్టుకుని, చూసిన తేదీ, మార్చిన భాగం, చేసిన మేస్త్రి ఎవరన్నది రాయండి. తనిఖీ చేసిన నెల, సంవత్సరం ట్రక్కు ముందు పలక మీద తెల్ల పెయింటుతో అంకెలలో వేయించండి. కిరాయికి ట్రక్కు మాట్లాడుకునే రైతు, దాని మీద బస్తాలు వేయడానికి వచ్చే కూలీ ఆ అంకెలను చూసి అడగగలగాలి. ఈ వేసవిలో మా ట్రక్కుకు వేయించాను. పక్క పొలం రైతు చూసి, అదేమిటని అడిగి, తన పిన్ను తీసుకొచ్చి చూపించాడు. గోరు దిగింది. కొత్తది కొనుక్కున్నాడు.