ఇంట్లోవాళ్ళకి గాడ్‌ఫాదర్ మూడు భాగాలూ చూపించడం ఎలా

ఇది సినిమా ఇదివరకే చూసి, ఇప్పుడు ఇంట్లోవాళ్ళకి చూపించాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. కథంతా మాట్లాడతాను కాబట్టి ఇంకా చూడనివాళ్ళు చూశాకే చదవండి.

ముందు గది సంగతి. కర్టెన్లు వేసి ట్యూబ్‌లైట్ ఆపేయాలి. ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ ఈ సినిమాని కావాలనే చీకట్లో తీశాడు. తండ్రి వీటో వేషం వేసిన మార్లన్ బ్రాండో నెత్తి మీద నుంచి లైటు వేసి కళ్ళని నీడలో ఉంచేశాడు. ఆ మనిషి ఏం ఆలోచిస్తున్నాడో మనకి తెలియకూడదు. ఎండపడే హాల్లో కూర్చుంటే కాసేపటికే ఎవరో ఒకరు బ్రైట్‌నెస్ పెంచమంటారు. పెంచకండి. టీవీలో సినిమా మోడ్ పెట్టండి, మోషన్ స్మూదింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఉంటే తీసేయండి. అది ఉంచితే 1972 నాటి సినిమా రోజూ వచ్చే సీరియల్‌లా కనిపిస్తుంది.

సబ్‌టైటిల్స్ తప్పనిసరి. బ్రాండో నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు మాట్లాడతాడు. రెండో భాగంలో కుర్ర వీటోగా రాబర్ట్ డి నీరో దాదాపు అంతా సిసిలీ భాషలోనే మాట్లాడతాడు. ఒక్క చోట మాత్రం సబ్‌టైటిల్ రాదు. హోటల్లో మత్తుమందుల వ్యాపారి సొలోట్జో వీటో కొడుకు మైఖేల్‌తో ఇటాలియన్‌లో మాట్లాడేటప్పుడు. అది లోపం కాదని చూసేవాళ్ళకి అప్పుడే చెప్పండి. అక్కడ మాటలు అక్కర్లేదు, మైఖేల్ కళ్ళు చాలు. వెనక రైలు చప్పుడు పెరుగుతూ ఉంటుంది, సంగీతం ఉండదు. తుపాకీ కింద పడ్డాకే సంగీతం మొదలవుతుంది. శబ్దం సంగతులు చూసుకున్న వాల్టర్ మర్చ్ ఈ ఒక్క దృశ్యంతోనే నాకు ఆరాధ్యుడయ్యాడు.

పిల్లలతో వద్దు. గుర్రం తల ఒక్కటే కాదు, సిసిలీలో మొదటిరాత్రి దృశ్యం కూడా ఉంది. అత్తమామల ముందు ఇబ్బంది పడకూడదంటే ముందే చెప్పేయడం మంచిది.

వరస విషయంలో నాకు రెండో మాట లేదు. 1972, 1974, 1990, విడుదలైన వరసలోనే చూడాలి. 1977లో అమెరికా టీవీ కోసం మొదటి రెండు భాగాలనీ కలిపి, వీటో చిన్నతనం నుంచి కాలక్రమంలో పేర్చారు. కథ తేలిగ్గా అర్థమవుతుంది కానీ ప్రాణం పోతుంది. రెండో భాగంలో తండ్రి కుటుంబాన్ని కట్టుకుంటున్న దృశ్యం, కొడుకు దాన్ని పోగొట్టుకుంటున్న దృశ్యం పక్కపక్కన రావడమే దర్శకుడు కపోలా చేసిన అసలు పని.

మొదటి సినిమా మూడు గంటలకి అయిదు నిమిషాలు తక్కువ. అందులో పెళ్ళే దాదాపు అరగంట. "కథ ఎప్పుడు మొదలవుతుంది పెద్దమ్మా" అని మా చెల్లెలి కొడుకు ఫోన్ తీసేది ఇక్కడే. అందుకే నేను ముందే ఒక కాగితం మీద వంశవృక్షం గీసి టీపాయ్ మీద పెడతాను. వీటో, భార్య కార్మెలా, కొడుకులు సన్నీ, ఫ్రేడో, మైఖేల్, కూతురు కాన్నీ. చేరదీసి పెంచిన టామ్ హేగెన్‌ది సలహాదారు పదవి. కింద వీటో అనుచరులు క్లెమెంజా, టెస్సియో. కాగితానికి అవతలి వైపు శత్రు కుటుంబాలు టటాలియా, బార్జీనీ. ఇంతే చాలు. పెళ్ళి పందిట్లో ఎవరు ఎవరి చెవిలో మాట్లాడుతున్నారో వెతకమని చెబితే ఆ అరగంట ఎలా గడిచిందో తెలియదు. మన పెళ్ళిళ్ళలోనూ అసలు వ్యవహారాలన్నీ లోపలి గదిలోనే నడుస్తాయి కదా.

నారింజ పండ్లు లెక్కపెట్టడం మాత్రం మొదలుపెట్టించకండి. పండు కనిపిస్తే చావు వస్తుందన్న ఆట మొదలైతే ఇక సినిమా ఎవరూ చూడరు.

ఇంటర్వెల్‌కి మొదటి భాగంలో హోటల్ దృశ్యం తర్వాత ఆపండి, దాదాపు సగం అవుతుంది. రెండో భాగం 3 గంటల 20 నిమిషాలు. లిటిల్ ఇటలీలో పండగ ఊరేగింపు అయ్యాక, వీటో ఇంటి మెట్ల మీద కూర్చుని పసివాడు మైఖేల్‌ని ఒళ్ళోకి తీసుకునే చోట ఆపండి. ఒక్కో భాగానికి ఒక్కో రోజు ఇవ్వండి. మూడూ ఒకే ఆదివారం వద్దు.

2005లో రామ్‌గోపాల్ వర్మ తీసిన సర్కార్ గాడ్‌ఫాదర్‌కి నివాళి అని ఆయనే చెప్పుకున్నారు. మనవాళ్ళు చాలామంది అది చూసి ఉంటారు కాబట్టి, ఇంటిని నిలబెట్టే కొడుకు కథ అనుకుని కూర్చుంటారు. మొదటి భాగం వరకూ అలాగే అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

ఇక గొడవలు. ఒకటో భాగం గొప్పదా, రెండోది గొప్పదా? రెండూ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్నవే. మొదటిదానికి మూడు వచ్చాయి, రెండోదానికి ఆరు. ఒక సీక్వెల్‌కి ఉత్తమ చిత్రం అవార్డు రావడం అదే మొదలు. ఇవి చెప్పినా వాదన ఆగదు. రౌడీలని దేవుళ్ళని చేశారని కోప్పడేవాళ్ళు ఒకవైపు, ఇంత నెమ్మదా అని విసుక్కునేవాళ్ళు ఇంకోవైపు. నేను ఏది గొప్పదని అడగను. మొదటి రోజు రాత్రే అందరినీ ఒక ప్రశ్న అడిగి జవాబు ఆ వంశవృక్షం వెనక రాయిస్తాను. మైఖేల్ ఎక్కడ చేయి దాటిపోయాడు?

జవాబులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మా ఆయన హోటల్ అన్నారు. మావయ్యగారు దానికంటే ముందే, ఆసుపత్రి మెట్ల దగ్గరే అన్నారు. అక్కడ రొట్టెల కొట్టు ఎంజో చేతులు వణికిపోతుంటే మైఖేల్ అతని సిగరెట్ వెలిగించి, వణకని తన చేతుల వైపు ఓసారి చూసుకుంటాడు. తోడికోడలు జ్ఞానస్నానం దృశ్యం రాసింది. సైతానుని విడిచిపెడుతున్నావా అని గురువు అడిగితే విడిచిపెడుతున్నాను అంటాడు, అదే సమయంలో బయట మనుషులు చస్తుంటారు. నా జవాబు ఇవేవీ కాదు. బావని చంపించావా అని భార్య కే సూటిగా అడిగినప్పుడు కళ్ళలోకి చూసి "కాదు" అన్నాడే, అక్కడ. ఆ వెంటనే ఆమె ముందు తలుపు మూసుకుంటుంది. రెండో భాగంలో పిల్లల్ని చూడటానికి వచ్చిన ఆమె మొహం మీద తలుపు తనే మూస్తాడు. తలుపులు చూడమని ముందే చెప్పండి.

రెండో భాగం చివరి దృశ్యానికి ఎవరినీ లేవనివ్వకండి. 1941 డిసెంబర్ 7, తండ్రి పుట్టినరోజు, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడిన రోజు. సైన్యంలో చేరానని మైఖేల్ చెబితే అందరూ మండిపడతారు. లేచి చెయ్యి కలిపి అభినందించేది ఫ్రేడో ఒక్కడే. అప్పటికే సరస్సు మీద ఫ్రేడోకి ఏం జరిగిందో మనం చూసేశాం. బ్రాండో షూటింగ్‌కి రాకపోవడంతో తండ్రి కనిపించడు, గుమ్మం వైపు నుంచి చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నాకు అదే ఇంకా బాగుంటుంది.

మూడో భాగం దగ్గర ఇల్లు రెండుగా చీలుతుంది. "బ్యాంకు గొడవ అర్థం కాలేదు" అనేది మొదటి ఫిర్యాదు. నేను బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి ఇది చెప్పే బాధ్యత నాదే అనుకుంటాను. వాటికన్ బ్యాంకుకి 70 కోట్ల డాలర్లకు పైగా లోటు. దానికి బాధ్యుడు ఆర్చ్‌బిషప్ గిల్డే. మైఖేల్ 60 కోట్ల డాలర్లు పెడతానంటాడు, బదులుగా ఇమ్మొబిలియారె అనే రియల్ ఎస్టేట్ కంపెనీలో చర్చి వాటా అతనికి రావాలి. సంతకం పెట్టాల్సిన పోప్ మంచాన పడ్డాడు. డబ్బు లోపలికి వెళ్ళింది, వాటా బయటికి రాలేదు. లోటు చేసినవాళ్ళే ఇటు మైఖేల్‌ని కూడా ముంచుతున్నారు. ఇంతే కథ. దీనికి నిజమైన నీడలు ఉన్నాయి. పోప్ మొదటి జాన్ పాల్ 1978లో 33 రోజులకే పోయారు. గుండెపోటని వాటికన్ ప్రకటించింది, సినిమాలోని విషం కల్పన. వాటికన్ బ్యాంకుతో లావాదేవీలున్న బాంకో అంబ్రోసియానో 1982లో కుప్పకూలింది. దాని అధిపతి రొబెర్తో కాల్వీ శవం లండన్‌లో ఒక వంతెన కింద వేలాడుతూ దొరికింది.

రెండో ఫిర్యాదు మైఖేల్ కూతురిగా నటించిన సోఫియా కపోలా మీద. వైనోనా రైడర్ తప్పుకోవడంతో దర్శకుడు ఆఖరి నిమిషంలో కూతుర్ని దింపాడు. నటన బలహీనమే. కానీ ఆ అమ్మాయిని అంతగా తిట్టడం అన్యాయం, పందొమ్మిదేళ్ళు. సినిమాకి నిజమైన లోటు టామ్ హేగెన్ లేకపోవడం. పారితోషికం దగ్గర తేలక రాబర్ట్ డువాల్ రాలేదు. మైఖేల్‌కి ఎదురు చెప్పగల ఆఖరి మనిషి పోయాడు.

2020లో కపోలా మూడో భాగాన్ని మళ్ళీ ఎడిట్ చేసి, తనూ నవలా రచయిత మారియో పూజో మొదట అనుకున్న "మైఖేల్ కార్లియోనె మరణం" అన్న పేరుతో విడుదల చేశాడు. కొత్తవాళ్ళకి ఇదే చూపించండి. ఆర్చ్‌బిషప్‌తో బేరం మొదటే వస్తుంది కాబట్టి బ్యాంకు కథ తేలిగ్గా అందుతుంది. ముగింపు మాత్రం పాతదే నాకు ఇష్టం.

సినిమా అయ్యాక ఆ కాగితం మళ్ళీ తీయండి. నేను గమనించింది ఇది. మైఖేల్ ఆసుపత్రి దగ్గరే పోయాడన్నవాళ్ళకి మూడో భాగం అనవసరం అనిపిస్తుంది. పోయిన మనిషి పశ్చాత్తాపం చూడటం వాళ్ళకి విసుగు. ఆలస్యంగా పోయాడన్నవాళ్ళు కార్డినల్ లాంబెర్తో ముందు అతను "మా అమ్మ కొడుకుని చంపాను" అని ఏడ్చే దృశ్యం దగ్గర కదిలిపోతారు. పాలెర్మోలో తియాత్రో మాస్సిమో అనే ఒపెరా హాలు మెట్ల మీద, కూతురు పోయినప్పుడు అతని ఆ గొంతు లేని అరుపు దగ్గర ఇంకా ఎక్కువ. నేను ఆ రెండో జట్టు. మావయ్యగారు ఇప్పటికీ ఒప్పుకోరు, ఆయనతో చూసేటప్పుడు రెండో భాగంతో ఆపేస్తాం.