అమెరికా కేంపస్‌ల్లో యూదుల గొడవ, కొత్త చట్టం వచ్చిందట అని ఫార్వర్డ్ వస్తే ఎలా చూసుకోవాలి

మా బరంపురంలో ఇప్పుడు వీధికొకరైనా అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నారు, అందుకే అక్కడ ఏ కాలేజీలో గొడవైనా ఇక్కడ మా పిన్నికి బీపీ పెరుగుతుంది. మొన్న ఫోన్ చేసి "యూదుల గురించి మాట్లాడితే తీసేస్తారట, చట్టం వచ్చీసిందట, మనోడికి ఏటవుతుందిరా" అని ఒకటే గోల. తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ వార్త దేని గురించో చూడండి, హియరింగా, బిల్లా, ప్రెసిడెంట్ ఆర్డరా. హియరింగ్ అంటే పిలిచి అడగడమే, చట్టం కాదు. 2023 డిసెంబర్ 5న హౌస్ (అక్కడి లోక్‌సభ లాంటిది) కమిటీ హార్వర్డ్, పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ), ఎమ్మైటీ ప్రెసిడెంట్లని కూర్చోబెట్టి, యూదుల్ని చంపాలని పిలుపిస్తే మీ రూల్స్ ప్రకారం తప్పా కాదా అని అడిగితే, సందర్భాన్ని బట్టి అన్నట్టు లాయర్ జవాబులు చెప్పారు. నాలుగు రోజుల్లో పెన్ ఆవిడ, జనవరి 2న హార్వర్డ్ ఆవిడ రాజీనామా. చట్టం లేకుండానే కుర్చీలు కదిలాయి, అదీ హియరింగ్ పవర్.

బిల్లు అయితే నంబర్ అడగండి. నంబర్ లేని ఫార్వర్డ్‌ని పట్టించుకోకండి. కేంపస్‌ల్లో యూదు ద్వేషం మీద హెచ్.ఆర్. 6090 అని ఒకటుండేది, 2024 మే 1న హౌస్‌లో 320-91తో పాసైంది, సెనేట్‌లో ఆగిపోయింది, మన దగ్గర లోక్‌సభ దాటి రాజ్యసభలో ఇరుక్కున్నట్టు. 2025 జనవరిలో ఆ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) గడువు అయిపోయింది, బిల్లూ పోయింది. మళ్ళీ పెడితే కొత్త నంబర్ వస్తుంది. కాంగ్రెస్ డాట్ గవ్‌లో నంబర్ కొడితే బిల్లు ఎందాకా వచ్చిందో వరసగా చూపిస్తుంది, చివర "బికేమ్ లా" దాకా రాకపోతే చట్టం కానట్టే.

అసలు తగువు ఎక్కడంటే డెఫినిషన్ దగ్గర. 2016లో ఐహెచ్ఆర్ఏ అనే అంతర్జాతీయ సంస్థ యూదు ద్వేషం అంటే ఏటో చెప్పే ఒక డెఫినిషన్‌ని ఆమోదించింది, ఆ బిల్లు దాన్నే వాడమంది. ఇది మనోళ్ళకి తేలిగ్గా అర్థమవ్వాలి. వంశధార నీళ్ళ మీదో సరిహద్దులో తగువున్న కొటియా ఊళ్ళ మీదో ఆంధ్రా ప్రభుత్వాన్ని ఒడియా కుర్రాడు దులిపేస్తే అది రాజకీయం, కానీ హాస్టల్లో తెలుగోణ్ణి పట్టుకుని "మీ జాతే ఇంత" అంటే అది వేరే. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తిట్టడానికీ పక్క బెంచీ యూదు పిల్లాణ్ణి క్లాసుకి పోకుండా అడ్డుకోడానికీ అంతే తేడా. మిగతా దేశాల్ని విమర్శించినట్టే విమర్శిస్తే తప్పు కాదని ఆ డెఫినిషన్‌లోనే ఉంది, అయినా దాని ఉదాహరణలు విమర్శ నోరు కూడా నొక్కేస్తాయని కొందరి భయం, దాన్ని డ్రాఫ్ట్ చేసినవాళ్ళలో ముఖ్యుడు కెన్నెత్ స్టెర్నే కేంపస్‌ల్లో అలా వాడొద్దన్నాడు. నాకూ ఆ భయం కొంచెం ఉంది, అలాగని ఆ పిల్లలు పడ్డది ఉత్తదే అనను.

ఇప్పటికే ఉన్న చట్టం 1964 సివిల్ రైట్స్ యాక్ట్‌లో టైటిల్ సిక్స్, ప్రభుత్వ డబ్బు తీసుకునే కాలేజీల్లో వివక్ష చూపొద్దనే భాగం. అందులో జాతి, రంగు, పుట్టిన దేశం అనే ఉంటుంది, మతం అన్న మాట లేదు, కానీ ఒకే వంశమూలం అనే లెక్కలో యూదులు, సిక్కులు, హిందువులు, ముస్లింలు అందరూ వస్తారు. మనోణ్ణి "మీ దేశం పో" అని వెంటపడి వేధించినా ఇదే దారి. తేదీ, చోటు రాసుకోవాలి, స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి, యూనివర్సిటీలో రాసిచ్చి కాపీ ఉంచుకోవాలి, విద్యాశాఖ సివిల్ రైట్స్ ఆఫీసుకి అయితే 180 రోజుల్లోపు వెళ్ళాలి. తొందరగా తేలుతుందని మాత్రం అనుకోవద్దు, 2025లో ఆ ఆఫీసు రీజినల్ బ్రాంచీల్లో సగానికి పైగా మూసేశారు.

ఇంక డబ్బు. యూదు పిల్లల్ని వేధింపుల నుంచి కాపాడలేదని 2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం కొలంబియా యూనివర్సిటీకి 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఆపేసింది, సెనేట్ ఓటుతో పనే లేదు.

ఇప్పుడు వీసాకి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట, 2025 జూన్ నుంచి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అప్లై చేసేవాళ్ళ సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. మన ఒడిశావాళ్ళకి హైదరాబాద్ కాన్సులేటే కాబట్టి, రైలు టికెట్ తీసేముందే ఆ సెట్టింగ్ మార్చుకోండి.