స్పెయిన్ ఫుట్‌బాల్ క్యాంపుకు పిల్లల్ని పంపే ముందు

అనంతపురం నుంచి మీ పిల్లలు బార్సిలోనా ఫుట్‌బాల్ క్యాంపుకు వెళ్తున్నారా? ముందు పాస్‌పోర్టు తీసి చూడండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు అది 5 ఏళ్ల గడువుతోనే ఇస్తారు. యూరప్ నుంచి బయల్దేరే రోజు తర్వాత కూడా కనీసం 3 నెలల గడువు మిగలాలి.

స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆటలో తగిలే దెబ్బలకు ఆ పాలసీ వర్తిస్తుందో లేదో అడిగి, కాగితం మీద చూసుకోండి. నాకైతే అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

కొత్త బూట్లు కొని నేరుగా పెట్టెలో పెట్టొద్దు. రెండు వారాల ముందే వేసుకుని ఆడితే అక్కడ పాదాలు బొబ్బలెక్కవు. షిన్ గార్డులు (మోకాలి కింద ముంగాలికి కట్టుకునే రక్షణ పట్టీలు), మందులు, డాక్టరు చీటీ సర్దండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే.

పాలకోవా పెట్టొద్దు. బయటి దేశాల పాల పదార్థాలను, మాంసాన్ని అక్కడికి తీసుకెళ్లనివ్వరు. మన వేరుశనగ చిక్కీలు పెట్టొచ్చు. గదిలో ఎవరికైనా పల్లీల అలర్జీ ఉందేమో అడిగి తినమనండి.

బార్సిలోనాలోని పేరున్న చర్చి సగ్రడా ఫమీలియా చూడ్డానికి టికెట్లు ముందే బుక్ చేయాలి. మెట్రోలో జేబుదొంగలుంటారు, బ్యాగు ముందువైపు వేసుకోమనండి. పాస్‌పోర్టు జెరాక్సు ఒకటి విడిగా ఉండాలి. మీ నంబరు, అత్యవసర నంబరు 112 నోటికి రావాలి. బెంగళూరు విమానాశ్రయానికి బయల్దేరే ముందు ఒకసారి అడిగి చెప్పించుకోండి.