అమెరికా తొలినాటి చరిత్ర బట్టీ పట్టకుండా చదవడం ఎలా: పర్లాకిమిడి వైపు పిల్లల కోసం

మా మేనకోడలు డిగ్రీ రెండో ఏడు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, పుస్తకమేమో ఇంగ్లీషు. మొన్న దాని నోటుబుక్కు చూశాను. 1765, 1773, 1776, 1781, 1787, 1789, 1791 అని ఎర్ర పెన్నుతో నిలువుగా రాసుకుంది, పక్కన పేర్లు ఒడియా అక్షరాల్లో. "మావయ్యా, రాత్రి వచ్చినవి పొద్దున్నకి పోతున్నాయి" అంది. పోతాయి మరి, ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య ముడి లేకపోతే ఎవరికైనా పోతాయి. ఇద్దరం కూర్చుని ఆ ముడులు వేశాం. మీరూ అలాగే చేయండి.

ముందు పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి, పైన ఒక్క ప్రశ్న రాయండి: పన్ను వేసే హక్కు ఎవరిది? 1765 నుంచి 1789 దాకా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదలు మాత్రం బొబ్బిలి నుంచి పెట్టండి. ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోట మీదికి వచ్చింది 1757 జనవరిలో. మరుసటి ఏడు డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఇద్దరే అమెరికాలోనూ కొట్టుకుంటున్నారు. 1763లో ఇంగ్లండు గెలిచింది కానీ అప్పు దాదాపు రెట్టింపైంది. ఆ భారంలో కొంత అమెరికా వలసల మీద వేద్దామని 1765లో స్టాంపు చట్టం తెచ్చారు, పత్రికలకీ దస్తావేజులకీ అన్నింటికీ పన్ను. మా మనిషి ఒక్కడూ లేని పార్లమెంటు మా మీద పన్ను ఎలా వేస్తుందని అక్కడివాళ్లు ఎదురుతిరిగారు. మన గంజాం వైపంతా కలిసిన ఉత్తర సర్కారులకు ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి దగ్గర ఫర్మానా తెచ్చుకున్నదీ 1765లోనే, ఇక ఆ ఏడాది మరిచిపోరు.

టీ మీద పన్ను ఒప్పుకోమని అక్కడివాళ్లు విసిరేస్తే, అదే కంపెనీ టీ పెట్టెలు 342, 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో నీళ్లపాలయ్యాయి. దానికి శిక్షగా బోస్టన్ రేవు మూసేశారు, 1775 ఏప్రిల్‌లో తుపాకులు పేలి ఇంగ్లండుతో యుద్ధం మొదలైంది, 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. ఈ ముక్క సులువే, దీని మీద ఎక్కువసేపు కూర్చోకండి.

అసలు టైమ్ పెట్టాల్సింది 1781 నుంచి 1787 వరకు. చాలామంది గైడ్లలో రెండు లైన్లతో దాటేస్తారు, నాకు బాధనిపించేది అక్కడే. 1781లో రెండు జరిగాయి. మార్చిలో సమాఖ్య నిబంధనలు (ఆ వలసలు 13 రాష్ట్రాలుగా కలిసి ఉండడానికి రాసుకున్న మొదటి ఒప్పందం) అమల్లోకి వచ్చాయి, అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ లొంగిపోయాడు. (ఆ కారన్‌వాలిస్సే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి వచ్చి, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు, 1802 నుంచి అది మన జమీందారీలకూ వచ్చింది.) ఆ నిబంధనల ప్రకారం కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాలను అడగాలి, ఇస్తే తీసుకోవాలి. వీధిలో వినాయక చవితి చందా అనుకోండి, ఇవ్వనివాణ్ణి కమిటీ ఏమీ చేయలేదు కదా. పోనీ నిబంధన మార్చుకుందామంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతుల మీద నూటికి 5 చొప్పున పన్ను వేద్దామన్న ప్రతిపాదన 1782లో ఒక్క రోడ్ ఐలండ్ కాదనేసరికి ఆగిపోయింది. ఈలోగా మసాచుసెట్స్ రైతులు అప్పుల్లో మునిగిపోయారు. భూములు వేలానికి పోకుండా 1786లో డేనియల్ షేస్ లాంటి మాజీ సైనికుల వెంట వెళ్లి కోర్టులు మూయించారు. ఇలాగైతే దేశం నిలబడదన్న భయమే 1787 మేలో అందరినీ ఫిలడెల్ఫియాకి రప్పించింది, సెప్టెంబరు 17న రాజ్యాంగం మీద 39 మంది సంతకాలు చేశారు.

అక్కడి పెద్ద గొడవ, జనం ఎక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ ఓట్లా, అందరికీ సమానమా అని. చివరికి ప్రతినిధుల సభలో జనాభా లెక్క, సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు. మన రాజ్యసభలో అలా కాదు, ఒడిశాకి 10, ఆంధ్రకి 11, సిక్కింకి 1. ఈ తేడా పక్కన రాసుకోండి. ఇంకొకటి దయచేసి వదలకండి: ఆ జనాభా లెక్కలో బానిసలను అయిదింట మూడు వంతుల మనుషులుగా లెక్కగట్టారు, ఓటు మాత్రం లేదు. స్వేచ్ఛ గురించి రాసిన పేజీలోనే ఇదీ రాయాలి.

1776, 1787, 1789 కలగాపులగం అవుతుంటే మన తేదీలు పక్కన పెట్టండి. ప్రకటన 1776 అంటే మన 1947, రాజ్యాంగం తయారైన 1787 అంటే మన 1949 నవంబరు, మొదటి అధ్యక్షుడిగా వాషింగ్టన్ ప్రమాణం చేసి కొత్త ప్రభుత్వం నడక మొదలైన 1789 అంటే మన 1950 జనవరి. హక్కుల పత్రం మాత్రం వాళ్లకి తర్వాత వచ్చింది. హక్కులు రాయలేదని చాలా రాష్ట్రాల్లో జనం గట్టిగా పట్టుబట్టాక 1791లో మొదటి పది సవరణలు చేర్చారు. మనకి మొదటి నుంచే ఉన్నాయి.

ఇక పుస్తకం మూసి, ఇంట్లో ఎవరో ఒకరికి తెలుగులో కథ చెప్పండి. కాలేజీ భాషలో రాయడం తర్వాత. ఎక్కడ నోరు ఆగితే అక్కడి ముడి ఒక్కటే తెరిచి చూసుకోండి, మళ్లీ మొదటికి వెళ్లొద్దు. మా మేనకోడలు వంటింట్లో వాళ్లమ్మకి చెబుతూ రోడ్ ఐలండ్ దగ్గర ఆగింది. "ఒక్కడు కాదంటే ఎందుకు ఆగిందే?" అని వాళ్లమ్మే అడిగింది.