'వచ్చాడా' నుంచి 'డిడ్ హీ కమ్' దాకా: పిల్లలకు ఇంగ్లిష్ వాక్యాల రకాలు నేర్పడం

తెలుగులో ప్రశ్న అడగాలంటే క్రియ చివర దీర్ఘం తీస్తే చాలు. 'వచ్చాడు' కాస్తా 'వచ్చాడా' అవుతుంది, మాటల వరస కదలదు. ఇంగ్లిష్‌లో కదలాలి. మన పిల్లలు 'వేర్ యూ ఆర్ గోయింగ్?' అని రాసేది ఇందుకే. డెక్లరేటివ్ (విషయం చెప్పే స్టేట్‌మెంట్), ఇంటరాగేటివ్ (ప్రశ్న), ఇంపరేటివ్ (పని చెప్పేది), ఎక్స్‌క్లమేటరీ (ఆశ్చర్యపోయేది) అని నాలుగు పేర్లు బట్టీ పట్టిస్తే ఈ తప్పు పోదు. పేర్లు ఆఖర్న చెప్పండి. మూడు, నాలుగు తరగతుల పిల్లలకైతే రోజుకు పావుగంట చొప్పున రెండు వారాలు పెట్టుకోండి. అందులో సగం ప్రశ్నకే పోతుంది, పోనివ్వండి.

ముందు ఇంపరేటివ్. 'కమ్ హియర్', 'ఓపెన్ ద డోర్' లాంటివి బడిలో రోజూ వినేవే. మీరు చెప్పి వాళ్ళతో చేయించండి, తర్వాత వాళ్ళను చెప్పమని మీరు చేయండి. ఇక్కడ కర్త కనిపించదని వాళ్ళే పట్టుకోవాలి. తెలుగు పీరియడ్‌లో 'రా' విధ్యర్థకం, 'రావద్దు' నిషేధార్థకం, 'దయచేసి రండి' ప్రార్థనార్థకం. ఇంగ్లిష్‌లో మూడూ ఇంపరేటివే. 'చెట్టు ఎక్కగలను' తెలుగులో సామర్థ్యార్థకం, అక్కడ మామూలు స్టేట్‌మెంట్. అందుకని పేరుకు పేరు జోడించి చెప్పకండి, పిల్లలు తికమకపడతారు.

స్టేట్‌మెంట్‌లో చూడాల్సింది ఒకటే: 'హీ మై బ్రదర్'. 'వాడు మా తమ్ముడు' అన్నప్పుడు మనకు క్రియ అక్కర్లేదు కాబట్టి 'ఈజ్' జారిపోతుంది. ఇది సరిచేయకుండా ప్రశ్నకు వెళ్ళొద్దు. 'ఈజ్' లేకపోతే ముందుకు జరపడానికి ఏమీ ఉండదు. 'నాట్' ఉన్నా అది స్టేట్‌మెంటేనని కూడా చెప్పండి.

ఇక ప్రశ్న. చార్టును అట్టముక్కలుగా కత్తిరించి 'రవి', 'ఈజ్', 'ప్లేయింగ్', ఫుల్‌స్టాప్, క్వశ్చన్ మార్క్ విడివిడిగా రాయండి. 'ఈజ్' వెనకవైపు క్యాపిటల్ 'ఐ'తో రాసి ఉంచండి. దాన్ని పిల్లలే చేత్తో ముందుకు తెచ్చి, తిప్పి పెట్టాలి. చివర గుర్తు మార్చాలి. పది వాక్యాలు ఇలా చేశాక 'రవి ప్లేస్ క్రికెట్' తీసుకోండి. 'ప్లే' ఒక ముక్క, దాని చివరి 'ఎస్' ఇంకో చిన్న ముక్క. ముందుకు 'డూ' తెచ్చి పెట్టగానే 'ఎస్' లేచి వెళ్ళి దానికి అతుక్కుంటుంది. మధ్యలో ఒక 'ఈ' చేరి 'డజ్' అవుతుంది. 'డజ్ రవి ప్లేస్?' అన్న పిల్లాడికి సూత్రం చెప్పకండి, ముక్కలు చూపించండి: ఉన్నది ఒక్కటే 'ఎస్'. 'డిడ్ యూ వెంట్?' కూడా ఇలాంటిదే. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' తీసేసుకుంది, మిగిలింది 'గో'. ఇవి కుదిరాకే 'వేర్', 'వై', 'వెన్' ముక్కలు వీటన్నిటికంటే ముందు పెట్టించండి. 'ఆర్ యూ గోయింగ్'కు ముందు 'వేర్' వస్తుంది తప్ప వెనక వరస మళ్ళీ మారదు.

ఎక్స్‌క్లమేటరీకి ఒక్క జత చాలు. 'హౌ టాల్ ఈజ్ హీ?' అంటే ఎత్తు ఎంతని అడగడం. 'హౌ టాల్ హీ ఈజ్!' అంటే ఎంత పొడుగో అని ఆశ్చర్యపోవడం. అవే నాలుగు మాటలు, చివరి రెండూ తారుమారయ్యాయి. ప్రశ్న బాగా వచ్చిన పిల్లలే ఇక్కడ 'వాట్ ఏ బిగ్ ట్రీ ఈజ్ దిస్!' అని రాస్తారు, జరిపే అలవాటు పడింది కదా. ఇక్కడ క్రియను జరపకూడదు: 'వాట్ ఏ బిగ్ ట్రీ దిస్ ఈజ్!'

ఇప్పుడు ఒక మామిడిపండు చేతికిచ్చి నాలుగు వాక్యాలూ చెప్పించండి: 'దిస్ మ్యాంగో ఈజ్ స్వీట్.' 'ఈజ్ దిస్ మ్యాంగో స్వీట్?' 'ఈట్ దిస్ మ్యాంగో.' 'హౌ స్వీట్ దిస్ మ్యాంగో ఈజ్!' పేర్లు అప్పుడు చెప్పండి. 'కెన్ యూ గివ్ మీ ఏ పెన్?' అడగడమా, పని చెప్పడమా అని చురుకైన పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉద్దేశం పని చెప్పడమే అయినా, 'కెన్' ముందుకొచ్చింది కాబట్టి ఇంటరాగేటివ్ కిందే రాయమనండి.